బంతిపువ్వు పిల్ల, గురువారం మనిషి

తేదీ వేయకుండా రాయడం నాకు చేతకాదు. ముప్పై ఒక్క ఏళ్ల పోలీసు ఉద్యోగంలో పద్నాలుగేళ్లు స్టేషన్ రైటర్‌గా ఉన్నాను. స్టేషన్‌లో జరిగిన ప్రతి సంగతినీ గంట, నిమిషం వేసి డైరీలో ఎక్కించే పని అది. ఇప్పటికీ ఇంట్లో పాలు పొంగితే నా కళ్లు ముందు గోడ గడియారం మీదికి పోతాయి, తర్వాతే పొయ్యి మీదికి. అయినా ఈ ఒక్క సంగతిలో తేదీ, పల్లె పేరు, కంపెనీ పేరు ఏదీ రాయను. ఇందులో ఉన్న అమ్మాయిని ఎవరూ గుర్తుపట్టకూడదు. వారాలూ గంటలూ మాత్రం రాస్తాను. అవి కూడా వద్దంటే ఇక కలం పట్టలేను.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు కొందరు అడుగుతుంటారు, ఫోన్‌లో ఫోటోలు పెట్టుకునే యాప్‌ల మీద నేరస్థులను వెతకడం మీ కాలంలో ఉందా అని. ఉంది. నేనే చేశాను. మొదటి మూడు రోజులు ఎంత అధ్వానంగా చేయవచ్చో అంత అధ్వానంగా చేశాను. మీరు అలా చేయకూడదనే ఇదంతా రాయడం.

రిటైర్మెంటుకు పదకొండు నెలలు ఉందనగా నన్ను సంగారెడ్డిలో ఆడపిల్లల ఫిర్యాదులు చూసే చిన్న బృందంలో వేశారు. మోకాళ్లు అరిగాయి, బందోబస్తులో నిలబడలేను, కూర్చునే పని ఇద్దామని మా ఇన్‌స్పెక్టర్ సారు దయ తలచాడు. నా పక్క కుర్చీలో ఇరవై ఆరేళ్ల కానిస్టేబుల్ ఉండేది. కంప్యూటర్ చదువు చదివి పోలీసు ఉద్యోగానికి వచ్చిన పిల్ల. నేను ఫోన్‌ను ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేతి చూపుడువేలితో పొడిచి టైప్ చేస్తుంటే ఆమె ముఖం తిప్పుకునేది.

"ఏందమ్మా గట్ల పొడుస్తున్నవ్? అదేమన్న తేలా?" అనేది.

"నీ బొటనవేళ్లు నీకే ఉండనియ్. నా వేలు నాకు చాలు" అనేదాన్ని.

ఒక శుక్రవారం పొద్దున పది ఇరవైకి జిన్నారం వైపు పల్లె నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. అమ్మాయికి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. యూనిఫాంలో ఉన్నవాళ్లను చూస్తే బెదురుతుందని నేను ఖాకీ చీర మీద చున్నీ లాగా శాలువా కప్పుకుని ఎదురుగా కూర్చున్నాను. చెప్పడానికి ఆమెకు నలభై నిమిషాలు పట్టింది. యాప్‌లో ఒకడు పరిచయం చేసుకున్నాడు. ఇరవై రెండేళ్లట, అమీన్‌పూర్‌లో ఫ్లాటట, సాఫ్ట్‌వేర్ ఉద్యోగమట. కాలేజీ ఫ్రెషర్స్ డే ఫోటోల్లోంచి ఆమె ముఖం తీసుకుని ఇంకెవరిదో పాడు ఫోటోకు అతికించాడు. పై వారం కాక ఆ పై గురువారం పదకొండు గంటలకు పటాన్‌చెరు బస్టాండుకు రాకపోతే ఆ ఫోటో కాలేజీ పిల్లల గ్రూపులో పెడతానన్నాడు.

"పోలీస్ కేసు గిట్ల అయితే కానియ్ మేడం. వాళ్ల బాపుకు మాత్రం తెల్వొద్దు" అంది తల్లి. "తెలిస్తే కాలేజీ బంద్ చేస్తడు."

అమ్మాయి అంతసేపటికి మొదటిసారి నా కళ్లలోకి చూసింది. "నాకు ఫోన్ లేకున్నా మంచిదే మేడం. కాలేజీ కావాలె" అంది.

ఫిర్యాదు రాసుకున్నాం. యాప్ కంపెనీకి వివరాల కోసం ఉత్తరం పోయింది. జవాబు ఎప్పుడొస్తుందని సారును అడిగితే, "వాళ్లు మన చుట్టాలా, జల్దీ పంపనీకి?" అన్నాడు. అతని అకౌంట్‌లో ఉన్నవి ఒక ఎర్ర కారు, ఒక జిమ్, తల కనిపించకుండా తీసిన ఒక నడుము. అవేవీ అతనివి కావని మా కానిస్టేబుల్ అరగంటలో తేల్చేసింది.

అప్పుడు మేము ఒక పథకం వేశాం. పదహారేళ్ల పిల్ల పేరుతో ఒక అకౌంట్ తెరిచి, అతనే వచ్చి పలకరించేలా చేసి, మాటల్లో జాడ లాగాలని. కానిస్టేబుల్‌కు శనివారం కోర్టు డ్యూటీ పడింది. "సాయంత్రం నేనొచ్చినంక చేద్దాం, నువ్వేం ముట్టకు అమ్మా" అని చెప్పి మరీ పోయింది.

నేను ముట్టాను. పద్నాలుగేళ్లు రైటర్‌గా చేసినదాన్ని, ఒక ఫారం నింపలేనా అనుకున్నాను. నా సొంత ఫోన్‌లో, నా సొంత నంబరుతో, పదకొండు నిమిషాల్లో అకౌంట్ తెరిచాను. అదే కాలేజీ అని రాశాను. ఫోటో కావాలంటే మా పెరట్లో పూసిన బంతిపువ్వు పెట్టాను. యాప్ ఏదో అడిగింది, 'సరే' నొక్కాను. ఇంకోటి అడిగింది, దానికీ 'సరే' నొక్కాను. అతనికి ఫాలో రిక్వెస్ట్ పంపి, ఎంత సులువు అనుకుంటూ ఇంటికి వెళ్లాను.

రెండో 'సరే' ఏమిటో పిల్లలకు తెలిసే ఉంటుంది. నా ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ ఆ యాప్‌కు అప్పగించాను. మొత్తం ఆరు వందల పద్నాలుగు. అందులో సగం పైగా జిల్లా పోలీసులు. వాళ్లందరి ఫోన్లలోనూ 'మీకు తెలిసిన మనిషి కావచ్చు' అని మా బంతిపువ్వు పిల్ల పోయి కూర్చుంది.

ఆదివారం పొద్దున్నే కానిస్టేబుల్ ఫోన్ చేసింది. "అమ్మా, మన పదహారేండ్ల పిల్లకు ముప్పై ఒక్క మంది ఫాలోవర్లు. అందుల పంతొమ్మిది మంది పోలీసులు. ఏడుగురు యూనిఫాం ఫోటోలు పెట్టుకున్నరు. ఒకాయన జెండా పండుగ నాడు సెల్యూట్ కొడుతున్న ఫోటో."

"నిజంగానా?"

"డీఎస్పీ సారు డ్రైవర్ హాయ్ పెట్టిండు. ఆయన సంగతి నేను చూసుకుంట. పువ్వు కింద ఒక కామెంట్ గూడ ఉంది. 'బాగ సదువుకో బిడ్డా, ఫోన్ తక్కువ సూడు' అని. ఎవరో ముసలాయన."

ఆ ముసలాయన మా ఆయన. రిటైరయ్యాక రోజంతా ఫోన్ చూడడమే ఆయనకు షిఫ్టు. బంతిపువ్వు పిల్ల ఎవరో ఆయనకు నేటికీ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

నవ్వు అక్కడితో ఆగిపోయింది. మధ్యాహ్నం రెండు నలభైకి ఆ అమ్మాయి తల్లి ఫోన్ చేసింది. అతను మా అకౌంట్‌ను బ్లాక్ చేసి వెంటనే అమ్మాయికి మెసేజ్ పెట్టాడు: 'మీ కాలేజీ పిల్లకు అందరు పోలీస్ దోస్తులే ఉన్నరేంది? ఎవరు చెప్పిన్రు? నువ్వేనా? ఇగ ఆగేది లేదు. ఈ గురువారమే రావాలె.'

పదకొండు రోజుల గడువు నా చూపుడువేలి పుణ్యాన నాలుగు రోజులకు వచ్చింది.

సారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "సరే, గురువారం బస్టాండుల్నే పట్టుకుందాం. పిల్లను నిలబెడదాం, మనం చుట్టూ ఉందాం" అన్నాడు.

"పిల్లను ఎర పెట్టొద్దు సార్. వాడికి ఇప్పటికే అనుమానం ఉంది. దూరం నుంచి మనల్ని చూసిండనుకోండి, జేబులోనే బటన్ నొక్కుతడు. ఫోటో పోతది, పిల్ల కాలేజీ పోతది" అన్నాను.

"మరేం చేద్దామమ్మా?"

"నాకు బుధవారం దాకా టైమియ్యండి. నాకొచ్చిన పని నేను చేస్తా."

నాకొచ్చిన పని ఒకటే. సోమవారం ఒక పొడుగు రిజిస్టర్ తీసి గళ్లు గీశాను. అమ్మాయి ఫోన్‌ను తల్లి మాకు అప్పగించింది. మొదటి మెసేజ్ నుంచి ఫిర్యాదు రోజు దాకా నలభై ఆరు రోజులు. అతను పంపినవి మూడు వందల ముప్పై ఎనిమిది. ఒక్కొక్కటీ వారం, గంట, నిమిషం వేసి ఎక్కించాను. మూడు రీఫిల్లులు అయిపోయాయి.

"అమ్మా, గిదంతా చేత్తోనా? నేను సాయంత్రం కల్లా కంప్యూటర్ల చేసిస్త కదా" అంది కానిస్టేబుల్.

"చెయ్యి. రెండూ పక్కపక్కన పెట్టి సరిచూద్దాం."

సరిచూశాం. ఆమె ఒకటి వదిలేసింది. ఈ మాట ఇక్కడ రాయకపోతే నాకు నిద్రపట్టదు.

ఏం రాశాడన్నది వదిలేసి ఎప్పుడు రాశాడన్నదే చూస్తూ పోతే నాకు ఒక సంగతి కనిపించింది. అతని ఫోన్ మూగబోయే సమయాలు ఉన్నాయి. ఒక వారం పొద్దున ఐదు నలభై నుంచి మధ్యాహ్నం రెండుంబావు దాకా ఒక్క అక్షరం లేదు. తర్వాతి వారం మధ్యాహ్నం ఒంటి గంటా నలభై నుంచి రాత్రి పదింబావు దాకా లేదు. మూడో వారం రాత్రి తొమ్మిది నలభై నుంచి తెల్లారి ఆరుంబావు దాకా. నాలుగో వారం మళ్లీ మొదటికి. గురువారాలు మాత్రం రోజంతా వాగుతూనే ఉన్నాడు. ఆ నలభై ఆరు రోజుల్లో గురువారాలు ఏడు. ఏడింటికి ఏడూ అంతే.

"సాఫ్ట్‌వేర్ల గూడ షిఫ్టులుంటయమ్మా" అంది కానిస్టేబుల్.

"ఉంటయి. కానీ వాళ్లకు ఫోన్ చేతిలోనే ఉంటది. ఎనిమిదిన్నర గంటలు ఒక్కసారి కూడా ఫోన్ ముట్టని సాఫ్ట్‌వేర్ మనిషిని నువ్వు చూసినవా?"

ఆమె తన ఫోన్ వైపు చూసుకుని, దాన్ని మెల్లగా టేబుల్ మీద బోర్లించింది.

మా ఆయన ఇరవై ఎనిమిదేళ్లు ఈ లైన్‌లో, అంటే ఈ రోడ్డు పొడుగునా ఉన్న కంపెనీల్లోనే, బాయిలర్ దగ్గర చేసిన మనిషి. మా పెళ్లినాటి నుంచి ఇంట్లో వంట, నిద్ర, చుట్టాలింటికి పోవడం అన్నీ ఆయన షిఫ్టు చూసే జరిగాయి. మంగళవారం పొద్దున చాయ్ ఇచ్చి, పేర్లు లేకుండా ఒక లెక్కలాగా అడిగాను.

"ఏమయ్యా, ఒక ఫోన్ ఐదు నలబైకి మూగబోయి రెండుంబావుకు మాట్లాడుతది. ఏంది కత?"

"ఫస్ట్ షిఫ్ట్" అన్నాడు కప్పులోంచి తల ఎత్తకుండానే. "ఆరు, రెండు, పది షిఫ్టులు. ఫోన్ గేటు కాడ డబ్బాల పెట్టించుకుంటున్నరంటే లోపట అంటుకునే సాల్వెంట్ ఉంటది. మందుల కంపెనీ."

"గురువారం మాట్లాడుతనే ఉంటది."

ఇప్పుడు తల ఎత్తాడు. "గురువారం వీక్లీ ఆఫా? ఈ లైన్ల గురువారం సెలవిచ్చేటియి రెండే. ఒకదాంట్ల ఏడు, మూడు, పదకొండు షిఫ్టులు. ఇగ మిగిలింది ఒక్కటే." కంపెనీ పేరు చెప్పాడు. గేటు ఏ వైపో, గేటు ముందు టీ కొట్టు ఏ వైపో కూడా చెప్పాడు. "ఎవడు వాడు?"

"నీకు చెప్పను."

"చెప్పకు. ఈ కాలంల ఎవలకు మర్యాద ఉన్నది? ఆ బంతిపువ్వు పిల్లకు మంచి మాట చెప్తే జవాబన్న ఇయ్యలె."

చాయ్ తాగుతున్న నాకు పొలమారింది.

రిజిస్టర్ ప్రకారం ఆ వారం అతనిది మొదటి షిఫ్టు. బుధవారం రెండు గంటలకు బయటికొస్తాడు. షిఫ్టు వదిలిన ఇరవై నిమిషాల్లోపు అమ్మాయికి మెసేజ్ పెట్టని రోజు లేదు. కంపెనీకి ముందే చెబితే మాట బయటికి పొక్కుతుందని సారు చెప్పలేదు. అమ్మాయి, తల్లి ఇంట్లోనే ఉంటారు. కానిస్టేబుల్ అమ్మాయి ఫోన్‌తో కొంచెం దూరంలో కారులో కూర్చుని, సరిగ్గా రెండు ఇరవైకి యాప్‌లోంచి అతనికి కాల్ చేస్తుంది. ఎవరి ఫోన్ మోగితే అతనే. సారు, ఇంకొక కానిస్టేబుల్ బస్సు కోసం ఆగినవాళ్లలా నిలబడతారు. నేను టిఫిన్ క్యారియర్ పట్టుకుని, కొడుక్కి సద్ది తెచ్చిన తల్లిలా టీ కొట్టు దగ్గర ఉంటాను.

ఒంటి గంటా యాభైకే పోయాను. రెండు గంటలకు సైరన్ మోగింది. రెండూ పదికి గేటులోంచి జనం ఒక్కసారిగా వచ్చారు. తెలుగు, హిందీ, ఒడియా అన్నీ కలిసి ఒకటే గోల. అందరి చేతుల్లో ఫోన్లు, అందరి తలలు కిందికి. నా మోకాళ్లు లాగుతున్నాయి. బెంచీ మీద ఉన్న ఒకతను లేచి నిలబడ్డాడు.

"కూసో అమ్మా. గంత సేపు నిలబడ్తవా?"

ముప్పై అయిదేళ్లు ఉంటాయి. నూనె రాసి దువ్విన తల, జేబులో మడిచి పెట్టిన గుర్తింపు కార్డు. నాకు టీ కూడా చెప్పాడు.

"ఎవల కోసం వచ్చినవ్?"

"మా కొడుకు. కొత్తగ చేరిండు."

"ఏ బ్లాకు?"

ఆ ప్రశ్నకు జవాబు నేను తయారు చేసుకోలేదు. ఇంత రిజిస్టర్ రాసినదాన్ని ఒక బ్లాకు పేరు కనుక్కోలేదు. "అదే నాయనా, పెద్దది" అన్నాను.

"పెద్దదట!" అని పక్కవాళ్ల వైపు చూసి నవ్వాడు. "అమ్మకేం తెలుస్తది పాపం. ఈ కాలం పోరగాండ్లకు తల్లి తెచ్చిన సద్దికి విలువ లేదమ్మా."

మంచి మనిషి, నా కొడుకు వయసు, ఇతన్ని ఎవరూ అనుమానించకూడదు అనుకుంటూనే టీ తాగాను. గడియారం చూశాను. రెండు ఇరవై.

ఒకేసారి నాలుగు ఫోన్లు మోగాయి.

ఇది నా లెక్కలో లేదు. షిఫ్టు వదిలితే ఇళ్ల నుంచి ఫోన్లు వస్తాయి. వస్తూ కూరగాయలు తెమ్మని, గ్యాస్ అయిపోయిందని. ఇరవై ఎనిమిదేళ్లు నేనే అలా చేశాను, అయినా తట్టలేదు. సారు నన్ను చూశాడు, నేను సారును చూశాను. ఒకతను "ఆ, తెస్త తియ్" అంటున్నాడు. ఇంకొకతను హిందీలో భార్యతో గొడవ పడుతున్నాడు. మూడోతను నవ్వుతున్నాడు. నాలుగో ఫోన్ తీయకుండానే ఆగిపోయింది.

కాల్ అందకపోతే మూడుసార్లు చేయమని చెప్పి ఉంచాను. రెండోసారి నా వెనకే మోగి ఆగింది. మూడోసారి మోగినప్పుడు తల తిప్పాను. నాకు చోటిచ్చిన అతను ఫోన్‌ను రెండు చేతుల్లో పట్టుకుని నవ్వుకుంటున్నాడు. తెర మీద ఒక రామచిలుక బొమ్మ. ఆ అమ్మాయి అకౌంట్‌కు పెట్టుకున్న రామచిలుకే. మూడు వందల ముప్పై ఎనిమిది సార్లు దాన్ని చూస్తూ గీతలు గీశాను, గుర్తుపట్టనా?

"ఎత్తు నాయనా" అన్నాను. "మా పిల్లే."

అతనికి అర్థం కావడానికి మూడు సెకన్లు పట్టింది. అప్పటికే సారు వచ్చి, ఫోన్ ఉన్న అతని మణికట్టును పట్టుకున్నాడు. జేబులో బటన్ నొక్కే వీల్లేదు, పంపే సందు లేదు. ఫోటో ఆ ఫోన్ దాటి ఎక్కడికీ పోలేదని తర్వాత తేలింది. అందులో ఇంకో ఇద్దరు అమ్మాయిల సంగతీ బయటపడింది, వాళ్ల ఇళ్లకూ వెళ్లాం. తీసుకుపోతుంటే అతను నా వైపు చూసి "నేను నీకు చోటిచ్చిన కదమ్మా" అన్నాడు. నిజమే. ఇచ్చాడు. టీ సగం అలాగే వదిలేశాను.

గురువారం పదకొండు గంటలకు, అంటే అతను బస్టాండుకు రమ్మన్న గంటకే, నేనూ కానిస్టేబులూ మామూలు చీరల్లో ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాం. కేసు కోర్టుకు పోతుంది, తండ్రికి తెలియకుండా ఉండదు. వేరేవాళ్ల నోట వినేకంటే మా నోట వినడం నయమని ముందు రోజే తల్లిని ఒప్పించాను. తండ్రి పొలంతో పాటు వేరే ఒక కంపెనీలో కూడా పనిచేసే మనిషి. అంతా నిలబడే విన్నాడు. చివరికి, "ఫోన్ కొనిచ్చింది నేనే. తప్పు నాదే. ఇగ ఫోను లేదు, కాలేజీ లేదు" అన్నాడు.

అమ్మాయి తలుపు పక్కన ఉంది. ఏడవలేదు. ఈ మాట వస్తుందని ఎన్నాళ్ల నుంచో తెలిసినట్టు నిలబడింది.

నేను సంచిలోంచి రిజిస్టర్ నకలు తీశాను. "అన్నా, జెర కూసో. ఇది విను" అన్నాను. "వాడు పంపినవి మూడు వందల ముప్పై ఎనిమిది. నీ బిడ్డ ఇచ్చిన జవాబులు ఇరవై ఏడు. 'ఎవరు' అని ఆరు. 'నాకు తెల్వదు' అని మూడు. 'వద్దు' అని పద్నాలుగు. మిగిలిన నాలుగు 'ప్లీజ్' అని."

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రోజు ఆ లెక్క అమ్మాయికి సాక్ష్యం అనుకున్నాను. తిరిగొస్తుంటే దారిలో కానిస్టేబుల్ అడిగింది, "ఆ పిల్ల మూడు వందలకూ తియ్యగ జవాబిచ్చి ఉంటే తప్పు ఆమెదయ్యేదా అమ్మా?" అని. కాదు. అప్పుడూ అతనిదే. అది ఇరవై ఆరేళ్ల పిల్ల నాకు చెప్పాల్సి వచ్చింది.

తండ్రి కూర్చుని ఆ కాగితం తీసుకున్నాడు. గళ్ల మీద వేలు పెట్టి కిందికి జరిపాడు.

"నలబై ఆరు దినాలు" అన్నాడు. "గిన్ని దినాలల్ల 'ఏమైంది బిడ్డా' అని నేనెన్నిసార్లు అడిగిన? గది రాసినవా మేడం?"

"ఆ గడి నా దగ్గర లేదన్నా."

తలుపు పక్క నుంచి అమ్మాయి అంది, "రెండుసార్లు అడిగినవ్ బాపు. నేనే కడుపు నొస్తుందన్న."

"రెండేనా" అన్నాడు. లేచి, గూట్లోంచి బండి తాళంచెవి తీసుకుని బయటికి నడిచాడు. మేమంతా చూస్తూ ఉన్నాం. బండి స్టార్ట్ చేసి లోపలికి కేకేశాడు.

"మధ్యాన్నం క్లాస్ ఎన్నింటికే?"

"ఒంటిగంటకు."

"మరి ఇంక నిలబడ్డవేంది? బ్యాగు తీస్కరా. ఇయ్యాల నేను దింపుత. రేపటి సంది బస్సుల పో."

పదకొండు యాభై రెండుకు బండి కదిలింది.

కేసు రిజిస్టర్‌లో తర్వాత ఏదీ కలపకూడదు, నేను కలపలేదు. ఇంటికొచ్చాక నా సొంత నోట్‌బుక్ తీసి ఒక కొత్త గడి గీశాను. పైన 'అడిగినది' అని రాసి, మొదటి వరుసలో 2 వేశాను. లోపల మా ఆయన ఫోన్ చూసుకుంటూ కూర్చుని ఉన్నాడు. రెండు రోజులుగా దగ్గుతున్నాడని అప్పుడు గుర్తొచ్చింది. పోయి ఏమైందని అడిగాను. ఏం లేదన్నాడు. మళ్లీ అడిగాను.